‘స్టూడెంట్’ పేరుతో మిగిలిపోయిన గాసెట్

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను సర్వీసంతా అన్నం తిన్న అంకెల పనికి సంబంధించిన మనిషిని ఎంచుకున్నాను.

ఎం.బి.ఎ. చదువుతున్న మా మనవరాలు సెలవులకు వచ్చి, వ్యాపార నిర్ణయాలకు పనికివచ్చే గణాంకశాస్త్రం పుస్తకం ముందేసుకుని కూర్చుంది. అందులో ‘స్టూడెంట్స్ టి’ పరీక్ష దగ్గర ఆగి, ఈ స్టూడెంట్ ఎవరని నన్నడిగింది. నాకూ తెలియదు. ఇద్దరం కలిసి చదివి తెలుసుకున్నాం.

ఆయన అసలు పేరు విలియం సీలీ గాసెట్. 1876 జూన్ 13న ఇంగ్లండులోని కాంటర్‌బరీలో పుట్టాడు. తండ్రి సైన్యంలో ఇంజనీరు అధికారి. కొడుకూ ఆ దారినే వెళ్ళవలసినవాడు గాని, చూపు మందగించడం వల్ల వీలుపడలేదు. ఆక్స్‌ఫర్డులో గణితం, రసాయనశాస్త్రం చదివి, రెండింటా మొదటి శ్రేణిలో నెగ్గాడు. 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కార్ఖానాలో ఉద్యోగంలో చేరాడు. బీరు మాట వచ్చిందని పెద్దలు ముఖం చిట్లించుకోవద్దు. మనకు కావలసింది అక్కడి లెక్క.

ఆ కార్ఖానా ఏటా బార్లీ, హాప్స్ పెద్ద ఎత్తున కొనేది. ఏ రకం బార్లీ మంచిది, ఏ పొలంలో బాగా పండుతుంది, ఈ మాల్టు సరిపోతుందా అని రోజూ నిర్ణయించవలసి వచ్చేది. ప్రతి పరీక్షకూ డబ్బు, కాలం ఖర్చు. అందువల్ల చేతికి వచ్చేవి నాలుగైదు ఫలితాలే. ఆ కాలపు గణాంకశాస్త్రమేమో వందలు, వేల నమూనాలుంటే తప్ప గట్టిగా మాట్లాడేది కాదు.

గాసెట్ 1904లో ఈ విషయమై యాజమాన్యానికి ఒక నివేదిక రాశాడు. మరుసటి ఏడు ఆనాటి మహాపండితుడు కార్ల్ పియర్సన్‌ను కలిశాడు. 1906-07లో కంపెనీయే ఆయనను లండను యూనివర్సిటీ కాలేజీలో పియర్సన్ వద్దకు చదువుకు పంపింది. ముప్పై ఏళ్ళవాడు, అప్పుడే పెళ్ళయినవాడు, ఉద్యోగంలో ఉంటూ మళ్ళీ విద్యార్థి అయ్యాడు.

అక్కడ ఆయన చేసిన పని ఓపికకు పరీక్ష. 3000 మంది నేరస్థుల ఎత్తు, ఎడమచేతి నడిమి వేలి పొడవు అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, వరుసగా నాలుగేసి చొప్పున 750 గుంపులు చేశాడు. ఒక్కొక్క గుంపు సగటు అసలు సగటుకు ఎంత దూరం పోతోందో చూశాడు. తాను లెక్కకట్టిన సూత్రానికి అది దాదాపు సరిపోయింది. 1908లో ఆ వ్యాసం ‘బయోమెట్రికా’ పత్రికలో వచ్చింది. ఉద్యోగులు సొంత పేరుతో రాయడానికి కంపెనీ ఒప్పుకోలేదు. అందుకే ‘స్టూడెంట్’ అని సంతకం చేశాడు.

ఆయన చెప్పినది ఇంతే. కొద్ది నమూనాలతో తేల్చిన సగటు మీద నమ్మకం తగ్గించుకోవాలి, అటూఇటూ జాగా ఎక్కువ వదలాలి. నూటికి తొంభై అయిదు పాళ్ళ భరోసా కావాలంటే, పెద్ద నమూనాకు 1.96 రెట్ల జాగా చాలు. నమూనాలు నాలుగే అయితే 3.18 రెట్లు కావాలి. ఆ నాలుగింటి మధ్య ఉన్న తేడాయే మనకు దారి చూపేది. దానిని చెరిపితే ఇక మిగిలేది ఏమీ లేదు.

ఇది చదివేసరికి నా మనసు కలుక్కుమంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఆఫీసులో పంటకోత ఫారాల మీద పట్టీలు కట్టేవాడిని. ఒకసారి నాలుగు మళ్ళ దిగుబడులలో మూడు దగ్గరదగ్గరగా ఉన్నాయి. నాలుగోది వాటికి దాదాపు రెట్టింపు. పైవారు అది తప్పయి ఉంటుందన్నారు. మళ్ళీ తూయించమని రాయవలసింది పోయి, ఎర్రసిరాతో కొట్టివేసి, మిగతా మూడింటికి దగ్గరగా వేశాను. పట్టీ చూడముచ్చటగా ఉందని మెప్పు కూడా వచ్చింది. ఆ మడి నిజంగా అంత పండిందేమో, రాసినవాడు పొరబడ్డాడేమో ఇక ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారి నా చేతులతోనే మూశాను.

గాసెట్ ఇలాంటి తప్పునే మరొకచోట పట్టుకున్నాడు. 1930లో స్కాట్లండులోని లానార్క్‌షైర్ బడులలో పదివేల మంది పిల్లలకు నాలుగు నెలలు పాలు పోసి, మరో పదివేల మందికి పోయకుండా, ఎదుగుదల పోల్చారు. గుంపులు సమంగా లేవనిపిస్తే పిల్లలను మార్చే వీలు ఉపాధ్యాయులకిచ్చారు. పాలు తాగని పిల్లలు మొదటినుంచే ఎత్తూ బరువూ ఎక్కువున్నారు. ఉపాధ్యాయులు జాలిపడి బక్కపిల్లలను పాల వైపు చేర్చి ఉంటారని ఆయన 1931లో రాశాడు. ఇంత ఖర్చుకు బదులు, ఒకే పోలికలున్న యాభై జతల కవలలతో చేస్తే ఇంకా నమ్మదగిన ఫలితం వచ్చేదన్నాడు. వారు జాలితో చేశారు. నేను మెప్పు కోసం చేశాను. లెక్కకు రెండూ ఒకటే.

తరువాతి కాలంలో రొనాల్డ్ ఫిషర్ ఆయన సూత్రాన్ని గణితంతో నిరూపించి లోకమంతటికీ అందించాడు. పొలంలో మళ్ళను చీట్లు వేసినట్టు ఎంచాలా, సమతూకంగా అమర్చాలా అన్నదానిపై ఇద్దరికీ చివరిదాకా వాదం నడిచినా స్నేహం చెడలేదు. గాసెట్ 1935లో లండనులో గిన్నిస్ వారి కొత్త కార్ఖానాకు వెళ్ళాడు. 1937 అక్టోబరు 16న, 61 ఏళ్ళ వయసులో గుండెపోటుతో కన్నుమూశాడు. ఉద్యోగం వదలలేదు, ఆచార్య పదవి కోరలేదు.

ఎర్రసిరా సంగతి మా మనవరాలికి చెప్పాను. అది నవ్వలేదు. తన ప్రాజెక్టులో మిగతావాటితో పొసగని ఒక అంకెను తీసేయబోయి, దానిని అలాగే ఉంచి, కింద ఎందుకుంచిందో రాసుకుంది. ఈ వయసులో నాకు దక్కిన ప్రమోషను అదేననుకుంటున్నాను. మన సభ్యుల పిల్లలు, మనవలు ఎవరైనా అంకెలతో పని చేస్తూ ఉంటే, ఈ మాట వారి చెవిన వేయవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.