కనబడని దానికి కొలత కట్టిన సాంబశివరావు

పొగను ముక్కు పసిగడుతుంది. నిప్పు వేడిని చర్మం గుర్తిస్తుంది. అణుధార్మిక కిరణాలను మాత్రం మనిషికున్న ఐదు ఇంద్రియాలలో ఏదీ పట్టలేదు. అందుకే అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసే వారికీ, దాని చుట్టూ ఉన్న ఊళ్లకూ కొలత పరికరాలే కన్నులు. ఆ పరికరాలను మన దేశంలోనే తయారుచేసుకోవాలని పట్టుబట్టి సాధించిన వారిలో అగ్రగణ్యులు అయ్యగారి సాంబశివరావు. నల్లంపల్లి ప్రాంతం నుంచి హైదరాబాదు వెళ్లివచ్చిన వారు ఏ.ఎస్.రావు నగర్ అనే పేట పేరు వినే ఉంటారు. ఆ పేరు ఈయనదే.

సాంబశివరావు 1914 సెప్టెంబరు 20న నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ఎం.ఎస్సీ. పూర్తిచేసి, కొన్నేళ్లు అక్కడే పనిచేశారు. 1946లో టాటా ఉపకార వేతనంతో అమెరికా వెళ్లి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నారు. స్వదేశానికి తిరిగివచ్చి, బొంబాయిలో హోమీ భాభా స్థాపించిన టాటా మౌలిక పరిశోధనా సంస్థలో చేరి విశ్వకిరణాలపై పరిశోధన సాగించారు.

ఆ రోజుల్లో సున్నితమైన ఎలక్ట్రానిక్ పరికరం కావాలంటే విదేశాల నుంచి రావలసిందే. చెడిపోతే విడిభాగం కూడా అక్కడి నుంచే రావాలి. ఈ పరాధీనతను తొలగించే పనిలో సాంబశివరావు ముందు నిలిచారు. ట్రాంబేలోని అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్స్ విభాగానికి ఆయన సారథ్యం వహించారు. 1956 ఆగస్టు 4న భారతదేశపు తొలి రియాక్టరు అప్సర పనిచేయడం ప్రారంభించింది. దానికి ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది గాని, నియంత్రణ వ్యవస్థ ఇక్కడే తయారైంది.

రియాక్టరు నియంత్రణ సామాన్యమైన పని కాదు. ఒకే పరికరాన్ని నమ్ముకుంటే అది చెడిన నాడు ప్రమాదం తప్పదు. కనుక ఒకే విషయాన్ని మూడు పరికరాలు విడివిడిగా కొలుస్తాయి. వాటిలో ఏ రెండు హెచ్చరించినా రియాక్టరు దానంతటదే ఆగిపోతుంది. మూడింటిలో ఒకటి తప్పు చెప్పినా పని చెడదు. రెండవ సూత్రం, ఆపివేసే ఏర్పాటు వీలైనంతవరకు ప్రకృతి బలంతోనే నడవాలి. రాజస్థాన్, కల్పాక్కం తొలి రియాక్టర్లలో హెచ్చరిక అందగానే వాల్వులు తెరుచుకుంటాయి. అణుచర్యను నిలబెట్టే భారజలం తన బరువుతో తానే కింది తొట్టిలోకి దిగిపోతుంది. నీరు పల్లానికి పారడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

1962 చైనా యుద్ధం తరువాత దేశంలో ఎలక్ట్రానిక్స్ అభివృద్ధికి ప్రభుత్వం భాభా అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. సూరి భగవంతం, విక్రమ్ సారాభాయిలతో పాటు సాంబశివరావు కూడా అందులో సభ్యులు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఈసీఐఎల్, ఆయన నాయకత్వాన రూపుదిద్దుకొంది. కంప్యూటర్లు, టెలివిజన్లు, అణు కేంద్రాల నియంత్రణ పరికరాలు అక్కడ తయారయ్యాయి. ఎన్నికలలో మనం మీట నొక్కే ఓటు యంత్రాలను తయారుచేసే రెండు సంస్థలలో ఒకటి ఇదే.

ఈ దూరదృష్టి విలువ 1974లో తెలిసివచ్చింది. ఆ ఏడు మే 18న పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరగగానే కెనడా తన సహాయాన్ని నిలిపివేసింది. అయినా కల్పాక్కం నిర్మాణం ఆగలేదు. అక్కడ మొదటి యూనిట్ 1983లోనూ, రెండవది 1985లోనూ పని ప్రారంభించాయి. అక్కడ పుట్టిన కరెంటు దక్షిణాది గ్రిడ్‌లో కలిసింది.

పరికరం ఉంటే చాలదు, అది నిజం చెప్పాలి. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ కేంద్రంలో ఒక వాల్వు మూసుకోలేదు. కాని అదుపు గదిలోని దీపం ఆరిపోయింది. మూయమనే ఆజ్ఞ వెళ్లిందని మాత్రమే దాని అర్థం. సిబ్బంది వాల్వు మూసుకుందనుకున్నారు. రియాక్టరు గర్భంలో సగం వరకు కరిగిపోయింది.

ఒకసారి బాగున్నది ఎల్లకాలం బాగుండదు. తీగల పైపూత ఎండిపోతుంది, గొట్టాలు బలహీనపడతాయి. మన దేశంలో 1983 నవంబరు 15న ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి కేంద్రాలకు పరిమిత కాలానికే అనుమతి ఇస్తుంది. పదేళ్లకొకసారి సమగ్ర భద్రతా సమీక్ష జరుగుతుంది. యంత్రాల వయసు, జరిగిన లోపాలు, ఇతర దేశాల ప్రమాదాల పాఠాలు, భూకంపం, వరద భయాలు, అన్నింటినీ నేటి ప్రమాణాలతో పోల్చి చూస్తారు. ఈ మండలికి తగినంత స్వతంత్ర ప్రతిపత్తి లేదని కాగ్ 2012లో ఎత్తిచూపింది. తనిఖీ చేసేవారినీ తనిఖీ చేయవలసిందేనని దాని సారాంశం.

భట్నాగర్ పురస్కారం, పద్మశ్రీ, పద్మభూషణ్ అందుకున్న సాంబశివరావు 2003 అక్టోబరు 31న కన్నుమూశారు. మరుసటి ఏడు డిసెంబరు 26న సునామీ కల్పాక్కాన్ని తాకింది. ఒక యూనిట్ అప్పటికే గొట్టాల మార్పిడి కోసం ఆగి ఉంది. నడుస్తున్న రెండవ యూనిట్‌కు సముద్రపు నీరు అందించే పంపులు మునిగాయి. దానిని క్షేమంగా ఆపగలిగారు. 2011 మార్చి 11న జపానులోని ఫుకుషిమాలో మాత్రం అల వల్ల విద్యుత్తు పూర్తిగా పోయి, కొలత పరికరాలే చూపు కోల్పోయాయి. సిబ్బంది కార్ల బ్యాటరీలు తెచ్చి తగిలించి ఆ కొలతలు చదవవలసివచ్చింది. ఆ తరువాత మన కేంద్రాలన్నిటినీ మళ్లీ పరీక్షించారు.

పరికరాన్ని మనమే తయారుచేసుకుంటే దానిని విప్పి చూసే అధికారం, మరమ్మతు చేసే నేర్పు మనకే ఉంటాయి. సాంబశివరావు మిగిల్చి వెళ్లిన ఆస్తి ఆ నేర్పు. దానిని ప్రతి పదేళ్లకూ నిజాయితీగా వినియోగించడం తరువాతి తరాల బాధ్యత.