బాటసారి కవి బాషో

మన ఉత్పలమాల పద్యమునందు ఒక్కొక్క పాదమునకు 20 అక్షరము లుండును. జపాను భాషలో హైకూ అను కవిత మొదటినుండి చివరివరకు 17 అక్షరములతోనే ముగియును. జనులు వినోదముకొరకు కూర్చుకొనుచుండిన ఈ చిన్న కవితకు కావ్యగౌరవమును సంపాదించి పెట్టిన మహనీయులలో బాషో అగ్రగణ్యుడు. ఆయన గ్రంథములను శ్రద్ధగా చదివినవాడే. అయినను ఆయనకు పరమగురువు బాట.

బాషో 1644వ సంవత్సరమున ఇగా ప్రాంతమందలి ఉయెనో పట్టణమున జన్మించెను. ఆయన ఇంటిపేరు మత్సువో. తండ్రి సామాన్యస్థితి గలవాడు. 1656లో, కుమారుడు బాలుడై యుండగనే మరణించెను. పిమ్మట బాషో ఆ ప్రాంతపు ప్రభువంశమునకు చెందిన యోషితద అను యువకుని కొలువున చేరెను. యోషితద ఆయనకంటె రెండేండ్లు మాత్రమే పెద్దవాడు. ఇరువురును కలిసి కవిత్వము నభ్యసించిరి. కాని 1666లో యోషితద అకాలమరణము నొందెను. కొన్నియేండ్లకు బాషో స్వస్థలమును విడిచి యెడో నగరము చేరెను. నేటి టోక్యో నగరమే ఆనాటి యెడో.

అచ్చట ఆయన కొంతకాలము నగరమునకు నీరు తెచ్చు కాలువల పనిలో నుండెను. క్రమముగా కవితాగురువని పేరు వచ్చెను, శిష్యులు పెరిగిరి. అయినను నగరపు సందడియందు ఆయన మనస్సు నిలువలేదు. 1680లో సుమిద నదికి ఆవల నున్న ఫుకగావ అను చోట ఒక కుటీరమున నివసింప మొదలిడెను. మరుసటి వసంతమున ఒక శిష్యుడు ఆ ముంగిట అరటిమొక్కను నాటెను. ఆ జాతి అరటి తినదగిన పండ్ల నీయదు. గాలి వీచిన దాని ఆకులు చీలికలగును. లోకము దృష్టిలో నిరుపయోగమైన ఆ చెట్టే ఆయనకు ప్రియమయ్యెను. దాని పేరే బాషో. ఆ పేరునే ఆయన తనకు పెట్టుకొనెను.

కాని ఆ శాంతి నిలువలేదు. 1682-83 శీతకాలమున నగరమున చెలరేగిన అగ్నిప్రమాదమున కుటీరము కాలిపోయెను. 1683లో తల్లి మరణించెను. శిష్యులు చందాలు వేసుకొని వేరొక కుటీరము కట్టించిరి. ఇల్లు మరల దొరకెను గాని మనస్సునకు ఊరట దొరకలేదు. అప్పుడాయన కాలినడకన బయలుదేరుటకు నిశ్చయించెను.

ఆ కాలమున ప్రయాణము ప్రాణములతో చెలగాటము. దారిలో మరణించి తన ఎముకలు పొలములలో తెల్లబడునేమో యను తలంపుతోనే 1684లో ఆయన అడుగు వేసెను. ఫూజీ నది యొడ్డున తలిదండ్రులు విడిచిపోయిన రెండుమూడేండ్ల పసివాడు ఏడ్చుచు కనబడెను. బాషో తన యొద్దనున్న ఆహారమును వానికిచ్చి ముందుకు సాగిపోయెను. తాను అంతకంటె ఏమియు చేయలేదన్న సంగతిని ఆయన తన యాత్రాగ్రంథమున దాచలేదు. ఆ పుట చదివినవారి మనస్సు నేటికిని కలతపడును. అందమును వెదకుచు పోవువానికి దుఃఖము ఎదురుపడక మానదు.

తిరిగివచ్చిన కన్నులకు తన ముంగిలియే క్రొత్తగా తోచెను. పాత కొలనులో కప్ప దుమికిన చప్పుడు, కంచె మొదట ఎవరును చూడని చిన్న పూవు ఆయన కవితకు వస్తువులయ్యెను. కప్పను గూర్చిన ఆ కవిత 1686 నాటిది. అది నేడు ప్రపంచమంతట ప్రసిద్ధము.

1689 మే నెలలో బాషో తన ఇంటిని ఇతరులకు విడిచి, సోరా అను శిష్యునితో ఉత్తరదిక్కునకు బయలుదేరెను. ఆ యాత్ర యేబదియారు దినములది కాదు. సుమారు 150 దినములది. నడిచిన దూరము సుమారు 2,400 కిలోమీటర్లు. చలికి కాగితపు వస్త్రము, వానకు ఒక కప్పు, సిరా, కుంచె, వీటికి తోడు మిత్రులిచ్చిన కానుకలు ఆయన బలహీనమైన భుజములను నొప్పించినవి. ఆ కానుకలను పారవేయుటకు మాత్రము మనసొప్పలేదు.

నాసు మైదానమున దారి తెలియక తిరుగుచుండగా గడ్డి కోయుచున్న రైతొకడు తన గుర్రము నెక్కి పొమ్మనెను. అది ఆగినచోట దానిని విడిచిన చాలును, తానే మరలివచ్చునని చెప్పెను. ఇద్దరు పిల్లలు గుర్రము వెంట పరుగెత్తుచు వచ్చిరి. గ్రామము చేరిన పిదప బాషో జీనుకు బాడుగ కట్టి గుర్రమును మరలించెను. మరికొంత ముందు పల్లెస్త్రీలు నాట్లు వేయుచు పాడు పాటలను విని, కవిత్వమునకు మొదలిదియే గదా యని ఆనందించెను. ఈజుక అను చోట వానకు ఇల్లు కారుచుండగా, పాతరోగము తిరుగబెట్టి రాత్రియంతయు బాధపడెను. మరునాడు మరల నడిచెను.

తరువాత మత్సుషిమ వచ్చెను. సముద్రమున 200కు పైగా దీవులు, వానిపై పైన్ చెట్లు గల ఆ చోటు జపానులో అందమునకు పేరుపొందినది. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. ఆ దీవులపై తన కవిత నొక్కటియైనను గ్రంథమున చేర్చలేదు. కొన్నిదినములకు కొండదారిలో గాలివాన వచ్చి, ఒక కావలివాని యింట మూడు దినములు చిక్కుకొనెను. పడకలో పురుగులు, ప్రక్కనే గుర్రము. దానిపై మాత్రము చక్కని కవిత చెప్పెను! మహాసౌందర్యము ఆయనను మూగవానిని చేసినది, సామాన్యజీవితము మాటలాడించినది.

ఆ యాత్రాగ్రంథమును ఆయన పలుమారులు సరిదిద్ది 1694లో ముగించెను. అది 1702లో అచ్చయ్యెను. చివరికాలమున కవిత తేలికగా, ఇసుకపై పారు సెలయేరువలె నిర్మలముగా నుండవలెనని శిష్యులకు బోధించుచుండెను. 1694 నవంబరు 28న, మరియొక ప్రయాణము నడుమ, ఒసాకా నగరమున మరణించెను. బీవా సరస్సు చెంత ఒత్సు పట్టణములోని గిచూజీ ఆలయమున ఆయన సమాధి కలదు.

ప్రియమైనవారిని, ఇంటిని పోగొట్టుకొన్న బాషోకు బాట వానిని తిరిగి ఈయలేదు. చూచుటను మాత్రము నేర్పెను. ఆ చూపు అలవడినవానికి తన పెరటికంచె చెంతనైనను ఒక పూవు కనబడును.