హార్వర్డ్‌లో దక్కనిది కంపెనీలో దొరికింది

చాట్రాయి మామిడి తోటల మధ్య పెరిగి, నూజివీడులోనో విజయవాడలోనో బీఎస్సీయో బీఫార్మసీయో చదువుతున్నారా? రేపు మీకు మొదటి పిలుపు పరవాడ నుంచో, పాశమైలారం నుంచో, ఏదైనా మందుల ఫ్యాక్టరీ నుంచో రావచ్చు. ఇంట్లోవాళ్లేమో గవర్నమెంటు ఉద్యోగం వచ్చేదాకా ఆగమంటారు. షిఫ్టులు, యంత్రాలు తప్ప కంపెనీలో ఏముంటుందిలే అని మీకూ అనిపిస్తుంది. అది తేల్చుకునే ముందు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఉద్యోగ జీవితం ఒకసారి చూడండి. ఆయన గొప్ప పనంతా మందులు తయారుచేసే ఓ కంపెనీలో జీతానికి పనిచేస్తూ నడిపించిందే.

మూడోసారికి పాసైన మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి బయల్దేరితే, తల్లి వెనక్కి రప్పించి బడికి పంపారు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఉండగా ఖద్దరు కట్టడం సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ చేతికిచ్చారు. ఆ కాగితంతో కోరుకున్న సర్కారు కొలువు దొరకలేదు. ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకున్నారు. ఒకట్రెండు బ్యాక్‌లాగులకే కుంగిపోయేవాళ్లు ఈ భాగం ఇంకోసారి చదవండి.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ అండతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో పోర్టర్ పని. రక్తం, మూత్రాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. బయోకెమిస్ట్రీ చదివేవాళ్లకు అది ఇప్పటికీ తెలిసిన పేరే. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పని కూడా ఆ ల్యాబ్‌లో జరిగిందే. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

45 ఏళ్లకు కొత్త గేటు

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరారు. అమెరికన్ సయనమిడ్ అనే పెద్ద రసాయనాల కంపెనీ కింద నడిచే మందుల సంస్థ అది. రెండేళ్లలో పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు.

అక్కడ ఆయనకు దొరికింది జీతం ఒక్కటే కాదు. ఫోలిక్ యాసిడ్ సంగతే చూడండి. అది కాలేయంలో అతి కొద్దిగా ఉంటుంది. దాన్ని విడదీయాలి, నిర్మాణం తెలుసుకోవాలి, తిరిగి తయారుచేయాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. కెమిస్టులు, సూక్ష్మజీవుల నిపుణులు, జంతువుల మీద పరీక్షించేవాళ్లు, ప్లాంటులో పెద్ద ఎత్తున తీసేవాళ్లు ఒకేచోట ఉండాలి. కంపెనీలో ఉన్నారు. 1945లో ఆ బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. సుబ్బారావు అన్న ఒకరు స్ప్రూ జబ్బుతో పోయారు. ఆ జబ్బుకు పనికొచ్చే మందు కూడా ఇదే. ఇవాళ మీ ఊళ్లో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేదీ అదే.

బోదకాలుకు ఇంటింటికీ తిరిగి పంచే డీఈసీ మాత్ర పుట్టింది కూడా ఆ ల్యాబ్‌లోనే. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడి చూశారు. దాని దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఆసుపత్రుల్లో ఉంది. యూనివర్సిటీలో రిటైరై, 70 దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌కు కూడా ఆ బృందంలో చోటు దొరికింది. మట్టి నమూనాలు జల్లెడ పట్టిన ఆ పెద్దాయన ఆరియోమైసిన్‌ను కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్స్‌లో అదే మొదటిది.

పేరు ఎవరికి?

ఇక్కడే రెండో వైపూ చూడాలి. ఆరియోమైసిన్ అంటే డగ్గర్ గుర్తొస్తారు. పిల్లల క్యాన్సర్ మందు అంటే ఫార్బర్. సీసాల మీద పేరు లెడర్లీది. వాళ్లందరినీ ఒక దారిలో నడిపించిన మనిషి వెనకే ఉండిపోయారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో గుండె ఆగి కన్నుమూశారు. బోస్టన్ చేరాక ఆయన మళ్లీ ఇండియాకు రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన శతజయంతికి, 1995లో, మన తపాలా శాఖ స్టాంపు వేసింది. కంపెనీ పని ఇచ్చేదీ ఉంది, తీసుకునేదీ ఉంది. రెండూ తెలిసే చేరాలి.

మీరేం చూసుకోవాలి?

ఇంటర్వ్యూకు వెళ్తే ప్యాకేజీ ఒక్కటే అడిగి వచ్చేయకండి. మొదటి ఏడాది ఎవరి దగ్గర పని నేర్చుకుంటారో అడగండి. ప్రొడక్షన్ నుంచి క్వాలిటీ ల్యాబ్‌కో, ఆర్‌అండ్‌డీకో మారే వీలుందా కనుక్కోండి. సాల్వెంట్ల మధ్య పని కాబట్టి మాస్కు, గ్లౌజులు, సేఫ్టీ ట్రైనింగ్ గురించి మొహమాటం లేకుండా అడగండి. అపాయింట్‌మెంట్ లెటర్ మొత్తం చదవండి. మీరు కనిపెట్టింది కంపెనీకే చెందుతుందన్న షరతు అందులో ఉండొచ్చు. చేరాక, కంపెనీ రహస్యాల జోలికి పోకుండా, ఏ పని ఎప్పుడు నేర్చుకున్నారో తేదీతో సహా రాసిపెట్టుకోండి. తర్వాతి ఇంటర్వ్యూలో మీరు ఏం చేశారో మీరే చెప్పుకోవాలి కదా! సుబ్బారావు తన గురించి చెప్పుకోలేదు. ఆయన పని దగ్గర నుంచి అన్నీ నేర్చుకోండి, ఆ ఒక్కటి తప్ప.