దారి వెదకుతూ భూగోళం చుట్టిన థామస్ స్టీవెన్స్

భూగోళపటం ముందు కూర్చుని ఒక నగరం నుండి మరొక నగరానికి పెన్సిలుతో గీత గీయడానికి ఒక్క క్షణం చాలు. ఆ గీత వెంట కాలు కదిపిన తరువాత గాని దాని కింద కొండలెన్ని దాగినవో, నదులెన్ని ఉన్నవో, మనుష్యులు నిలిపిన అడ్డుగోడలెన్ని ఉన్నవో తెలిసిరాదు. సైకిలు మీద ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చిన మొదటి మనిషి థామస్ స్టీవెన్స్. అతని జీవితంలో సుమారు మూడేండ్లు ఈ గీతను గీయడం, చెరపడం, మళ్ళీ గీయడంతోనే గడచినవి. అతడు రోజుకు ఎన్ని మైళ్ళు తొక్కాడన్నది నేడు అంతగా లెక్కకు రాదు. దారిని ఎట్లా ఎన్నుకున్నాడు, ఎన్నుకున్న దారి మూసుకుపోయినప్పుడు ఏమి చేశాడు అన్నదే అతని కథలోని సారం.

స్టీవెన్స్ 1854 డిసెంబరు 24వ తేదీన ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డుషైరుకు చెందిన బెర్కమ్‌స్టెడ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. కలిమి గల ఇల్లు కాదు. చిన్నతనంలో పచారీ కొట్టులో పని నేర్చుకున్నాడు. 1871లో ఒంటరిగా ఓడ ఎక్కి అమెరికా చేరాడు. వ్యోమింగులో రైలుమార్గాలకు సంబంధించిన కర్మాగారంలో కొంతకాలం, కొలరాడోలో గనిలో కొంతకాలం కాయకష్టం చేశాడు. ఆ గనిలో పని చేస్తూ ఉండగానే అమెరికా ఖండాన్ని ఆ కొస నుండి ఈ కొసకు సైకిలు మీద దాటాలన్న ఊహ అతనికి కలిగింది. అప్పటికి అతనికి సైకిలు తొక్కడమే రాదు! శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, అక్కడి గోల్డెన్ గేట్ ఉద్యానవనంలో పడుతూ లేస్తూ ఆ విద్య సాధించాడు.

ఆ సైకిలు ఎటువంటిదో తెలియకపోతే ఆ ప్రయాణంలోని క్లేశం బోధపడదు. అది కొలంబియా కంపెనీ తయారుచేసిన పెద్దచక్రపు బండి. ముందు చక్రం వ్యాసం 50 అంగుళాలు. వెనుక చక్రం దాని పక్కన ఆటబొమ్మ. గొలుసు లేదు, గాలి గొట్టం లేదు. పెడళ్ళు ముందు చక్రపు ఇరుసుకే బిగించి ఉంటవి కనుక కాలు ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది. బండి సుమారు 13 అడుగులు ముందుకు పోతుంది. చక్రానికి గట్టి రబ్బరు పట్టా. కూర్చునే చోటు ఆ పెద్దచక్రానికి దాదాపు నెత్తిన ఉంటుంది. దారిలో పిడికిలంత రాయి తగిలినా చాలు, బండి ఆగిపోయి మనిషి తలకిందులుగా ముందుకు పడతాడు. గుర్రం పోగలిగిన దారులన్నీ ఈ బండి పోగల దారులు కావు. కాబట్టి స్టీవెన్స్ వెదకవలసినది దగ్గరి దారిని కాదు, నున్నని దారిని. ఈ భేదాన్ని గ్రహించడానికి అతనికి ఎక్కువ రోజులు పట్టలేదు.

1884 ఏప్రిల్ 22వ తేదీ ఉదయం ఎనిమిది గంటలకు శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరాడు. సామాను అతి స్వల్పం: మేజోళ్ళు, మారు చొక్కా, వానకోటు, ఒక పిస్తోలు. ఆ వానకోటే రాత్రి వేళ పరుపు, అవసరమైతే డేరా. తూర్పుగా పోవడానికి ఆనాడు పడమటి రాష్ట్రాలలో తగిన రహదారులు లేవు. కాని పదిహేనేండ్ల కిందట, 1869లో, ఖండాన్ని దాటే రైలుమార్గం పూర్తి అయినది. స్టీవెన్స్ ఆ రైలు పట్టాలనే దారిచూపే తోడుగా పెట్టుకున్నాడు. ఇందులో యుక్తి ఉన్నది. పట్టాలున్న చోట స్టేషన్లుంటవి. స్టేషన్లున్న చోట నీరు, తిండి, మనిషి దొరుకుతవి. ఎడారిలో ఒంటరివానికి ఇంతకంటె కావలసినదేమి? సియెరా నెవాడా పర్వతాలలో మంచు పడకుండా రైలుమార్గం మీద కట్టిన చెక్కపందిళ్ళ చీకటిలో మైళ్ళ తరబడి బండిని నడిపించుకుంటూ, రైలు వచ్చినప్పుడల్లా గోడకు అంటుకొని నిలబడుతూ దాటిపోయాడు. పాత బండి జాడలు, కాలువ గట్లు, ఏది దొరికితే అదే బాట. ఆగస్టు 4వ తేదీన బోస్టను చేరేటప్పటికి సుమారు 3,700 మైళ్ళు గడచినవి. 103 రోజులకు పైగా పట్టింది. ఆ దూరంలో మూడవ వంతుకు పైగా అతడు సైకిలు మీద లేడు. సైకిలే అతని చేతిలో ఉన్నది.

ఆ చలికాలం న్యూయార్కులో గడిపాడు. అవుటింగ్ అనే మాసపత్రిక అతనిని తన విలేఖరిగా నియమించి, ప్రపంచ యాత్రకు వ్యయం భరించడానికి ఒప్పుకున్నది. ఆ పత్రిక యజమాని, కొలంబియా సైకిళ్ళు చేసే కంపెనీ అధిపతి ఒక్కరే, కర్నల్ ఆల్బర్టు పోప్. కనుక ఇందులో సాహసంతోపాటు వ్యాపారమూ కలిసి ఉన్నదన్న సంగతి దాచనవసరం లేదు. 1885 మే నెలలో లివర్‌పూలులో బయలుదేరి, తాను పుట్టిన బెర్కమ్‌స్టెడ్ మీదుగా ఇంగ్లండు దాటి, ఫ్రాన్సు, జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ, సెర్బియా, బల్గేరియాల మార్గాన కాన్‌స్టాంటినోపిల్ నగరం చేరాడు. ఐరోపాలో దారిని గురించి చింత లేదు. హంగరీలో కొన్నాళ్ళు ఒక సైకిలు ప్రియుడు తోడు వచ్చాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఇద్దరూ సుఖంగానే సాగిపోయారట.

కాన్‌స్టాంటినోపిల్ దాటిన తరువాతనే అసలు ప్రశ్న. అనటోలియాలో దొంగల భయం ఎక్కువగా ఉన్నదని విని, అది తగ్గేవరకు ఆగాడు. రబ్బరు పట్టాలు, చక్రపు ఊచలు సమకూర్చుకున్నాడు. పాత పిస్తోలు మార్చి మంచిది కొన్నాడు. ఆగస్టులో ఆసియా నేల మీద అడుగుపెట్టి అంగోరా, సివాసు, ఎర్జెరూము మీదుగా పారశీక దేశపు సరిహద్దు చేరాడు. పటంలో ఉన్న గీత ఊరి పొలిమేరలో మాయమైపోయే దేశమది. తరువాతి ఊరు ఏదో ముందటి ఊరివారిని అడగాలి. అడగడానికి భాష రాదు. అయినా ఒంటెల బిడారులు నడిచే జాడ పట్టుకొని, ఊరి పెద్ద ఇంట రొట్టె, పెరుగు తిని, గుంపు కూడిన జనం సైకిలు ఎక్కి చూపమని పట్టుబట్టినప్పుడల్లా ఎక్కి చూపుతూ సాగాడు. మార్గంలో పెద్ద పట్టణాలలో కాన్సలులు, క్రైస్తవ మిషనరీలు, తంతి కార్యాలయపు ఆంగ్లేయోద్యోగులు అతనికి ఆశ్రయమిచ్చారు. ఒంటరి ప్రయాణమన్న మాట నిజమే గాని, ఆ ఒంటరితనం వెనుక ఒక సామ్రాజ్యపు నీడ ఉన్నది. ఆనాటి ఆసియావాసి ఎవడైనా ఇదే విధంగా ఐరోపా మీదుగా పోదలచి ఉంటే ఇన్ని తలుపులు తెరచుకొని ఉండేవా అన్నది ఆలోచించదగిన విషయం.

సెప్టెంబరు 30న టెహరాను చేరాడు. చలికాలమంతా అక్కడే. షా నాసిరుద్దీన్ ఈ వింత బండి సంగతి విని, నగరం నుండి దోషాన్ తెపె అనే తన విహారభవనం వరకు తొక్కించి చూచి సంతోషించాడు. రాజాదరణకు లోటు లేదు; లోటల్లా ముందు దారికే.

టెహరాను నుండి తూర్పుకు పోవడానికి రెండే దారులు. ఉత్తరంగా రష్యా వారి తుర్కిస్తానం, సైబీరియాల మీదుగా పసిఫిక్ తీరానికి పోవచ్చు. లేదా ఆఫ్ఘనిస్థానం గుండా హిందూదేశం చేరవచ్చు. ఒకటి దీర్ఘం, రెండవది దుర్గమం. కాలం కూడా అనుకూలమైనది కాదు. 1885 మార్చిలో పంజ్‌దేహ్ వద్ద రష్యన్ సైన్యానికి, ఆఫ్ఘను సైన్యానికి పోరు జరిగి, రష్యా బ్రిటన్‌ల మధ్య యుద్ధం వచ్చి తీరుతుందనిపించింది. సరిహద్దు నిర్ణయించే సంఘం ఇంకా పని చేస్తూనే ఉన్నది. అట్టి సమయంలో ఆ ప్రాంతంలో తిరిగే ఆంగ్లేయుడు తాను కేవలం సైకిలు యాత్రికుడనని చెప్పుకుంటే నమ్మేదెవరు?

స్టీవెన్స్ మొదట రష్యా దారినే ఎన్నుకున్నాడు. అనుమతి లభిస్తుందన్న ఆశతో 1886 మార్చి 10న టెహరానులో బయలుదేరి మెషెద్ దిక్కుగా సాగాడు. అనుమతి రాలేదు. ఆరు నెలలుగా మనసులో నిలుపుకున్న గీత అంతటితో చెరిగిపోయింది. మిగిలినది ఆఫ్ఘనిస్థానం. అటు పోవడానికి తనవారి అంగీకారమూ లేదు, అమీరు అబ్దుర్ రహమాన్ అంగీకారమూ లేదు. అయినా మెషెద్ నుండి దక్షిణంగా బిర్జంద్ చేరి, అక్కడి నుండి నిరాశామరుభూమి అని పేరుపడిన ఎడారిని దాటి, ఎవరి సెలవు లేకుండా ఆఫ్ఘను నేల మీద అడుగుపెట్టాడు. ఫరా పట్టణంలో పట్టుబడ్డాడు.

ఆఫ్ఘను అధికారులు అతనిని హింసించలేదు. భోజనం పెట్టారు, కాపలా పెట్టారు, ముందుకు మాత్రం పోనివ్వలేదు. ఆశ్వికుల పహరాలో ఉత్తరాన హీరాత్‌కు తరలించి, అక్కడి నుండి మళ్ళీ పారశీక సరిహద్దు దాటించి వదిలిపెట్టారు. ఫరా నుండి కాందహారు మీదుగా బ్రిటిషువారి క్వెట్టాకు నాలుగైదు వందల మైళ్ళకు మించి లేదు. ఆ కొద్ది దూరం దక్కనందుకు అతడు చేయవలసి వచ్చిన ప్రదక్షిణం చూడండి: వెనుకకు కాస్పియన్ సముద్రతీరం, ఓడలో బాకూ, రైలులో బాటుమ్, నల్లసముద్రం మీద మళ్ళీ కాన్‌స్టాంటినోపిల్! సంవత్సరం కిందట ఆసియా యాత్ర ప్రారంభించిన చోటనే మళ్ళీ నిలబడ్డాడు. అక్కడి నుండి సూయజు కాలువ, ఎర్రసముద్రం, అరేబియా సముద్రం దాటి కరాచీ రేవులో దిగాడు.

ఈ ఘట్టంలో స్టీవెన్స్‌ను పూర్తిగా సమర్థించడం సాధ్యం కాదు. వద్దన్న ఇంటిలోకి చొరబడినవాడిని ఇంటివారు మర్యాదగా సాగనంపారు. అతని పుస్తకం చదివితే నేరమంతా వారిదేనన్నట్లు తోస్తుంది. కాని అంత దూరం వెనుకకు పోయినవాడు ఇంటికి పోలేదన్నదీ నిజమే. కాన్‌స్టాంటినోపిల్ నుండి ఇంగ్లండు ఎంతో దూరం కాదు. అప్పటికే పత్రికకు కావలసినన్ని వ్యాసాలు వ్రాసి ఉన్నాడు. ఆగిపోయినా అతనిని ఆక్షేపించేవారు ఉండరు. అయినా కరాచీకి ఓడ ఎక్కాడు.

సింధు ప్రాంతాన్ని రైలులో గడచి లాహోరు చేరిన తరువాత, అన్నాళ్ళు వెదకిన దారి ఎట్టకేలకు దొరికింది. షేర్‌షా కాలంలో పదునారవ శతాబ్దిలో తీర్చిన బాట, పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లేయులు కంకర వేసి గట్టిచేసిన గ్రాండ్ ట్రంక్ రోడ్డు. ఇరుప్రక్కలా చెట్లనీడ, మజిలీకొక బంగళా, బావి. లాహోరు నుండి అమృతసరం, ఢిల్లీ, ఆగ్రా, కాన్పూరు, ప్రయాగ, కాశీల మీదుగా కలకత్తా వరకు సుమారు 1,200 మైళ్ళు. తెలుగుదేశం ఆ దారిలో పడదు. 1886 వర్షాకాలపు ఉక్క, వానలు తప్ప అతనికి అక్కడ వేరు కష్టం లేదు. దారి ఎటు అని అడగనవసరం లేకుండా అంత దూరం పోవడం ఆసియాలో అతనికి అదే మొదటిసారి.

కలకత్తా నుండి తూర్పుగా బండి పోయే నేలదారి లేదు. ఓడ మీద సింగపూరు, హాంకాంగు చేరి, కాంటన్ నుండి చైనా లోపలికి ప్రవేశించాడు. ప్రయాణమంతటిలో ఇంతటి తప్పు లెక్క మరొకటి లేదు. దక్షిణ చైనాలో చక్రానికి తగిన రహదారులు లేవు. వరిమళ్ళ గట్లు, రాళ్ళు పరచిన ఇరుకు కాలిబాటలు మాత్రం ఉన్నవి. స్వరం మారితే అర్థం మారిపోయే భాషలో ఊరి పేరు అడగడమే గండం. ఫ్రాన్సుతో యుద్ధం ముగిసి ఎక్కువ కాలం కాలేదు, తెల్లవాడు కనబడితే జనం మండిపడే కాలం. మెయ్‌లింగ్ కనుమ దాటిన తరువాత కాన్ నది లోయలో జనం రాళ్ళతో వెంటబడగా, అక్కడి చైనా అధికారులే అతని ప్రాణం కాపాడి, పడవ మీద కియుకియాంగ్ రేవుకు పంపించారు. అక్కడి నుండి షాంఘై, తరువాత నాగసాకి. జపానులో మంచి బాటలు, మర్యాద గల జనం. 1886 డిసెంబరు 17న యోకోహామాలో సైకిలు దిగాడు. మొత్తం సుమారు 13,500 మైళ్ళు. 1887 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు.

అతని యాత్రావృత్తాంతం 1887, 1888లలో రెండు సంపుటాలుగా వెలువడింది. ఊరూరా తనకు తిండి పెట్టినవారిని గురించి అందులో అనేక చోట్ల చులకనగా వ్రాయడం చూస్తే చదువరికి చివుక్కుమంటుంది. కాని బాటలను గురించి అతని వ్రాత నిక్కమైనది. ఎక్కడ ఇసుక, ఎక్కడ రాయి, ఎక్కడ దిగి నడవాలి అన్నది కళ్ళకు కట్టినట్లు చెప్పగలడు. ఆ తరువాతి యాత్రికులకు అదొక ఆధారమైనది. 1892లో అదే అవుటింగ్ పత్రిక పంపగా ఫ్రాంక్ లెంజ్ అనే అమెరికను యువకుడు ఎదురుదిక్కున, కొత్తరకం సైకిలు మీద, ఒంటరిగా బయలుదేరాడు. చైనా, బర్మా, హిందూదేశం, పారశీకం దాటివచ్చాడు. 1894లో తబ్రీజు విడిచి ఎర్జెరూము దిక్కుగా వస్తూ అదృశ్యుడైనాడు. అతడు హతుడైనాడని తరువాత విచారణలో తేలింది. స్టీవెన్స్ తొమ్మిదేండ్ల కిందట రొట్టె, పెరుగు తింటూ నడచిన ప్రాంతమే అది.

స్టీవెన్స్ మళ్ళీ ప్రపంచం చుట్టలేదు. 1889లో స్టాన్లీని వెదకడానికి తూర్పు ఆఫ్రికాకు పోయాడు. మరుసటి సంవత్సరం గుర్రం మీద రష్యాలో తిరిగాడు. ఆ రెంటిని గురించీ పుస్తకాలు వ్రాశాడు. చివరకు లండనులో స్థిరపడి గారిక్ నాటకశాలకు వ్యవహారకర్తగా ఉన్నాడు. 1935 జనవరి 24న మరణించాడు. అప్పటికి పెద్దచక్రపు బండ్లను వాడేవారే లేరు. అతడు తొక్కిన సైకిలును కొలంబియా కంపెనీ చాలాకాలం భద్రపరచింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో ఇనుప తుక్కు సేకరిస్తూ ఉండగా దానిని కూడా ఇచ్చివేశారు.