కోయిల పాట కట్టిన కాకినాడ ఆయన

మా చర్లలో కరెంటు పోయిన రాత్రుళ్లు రేడియోలో లతా మంగేష్కర్, రఫీ పాడిన ‘కుహూ కుహూ’ వచ్చిందంటే అమ్మ చేతిలో పని ఆగిపోయేది. ఆ బాణీ మన తెలుగాయనదని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

పి.ఆదినారాయణరావు 1914లో పుట్టారు. కాకినాడలో నాటకాలు రాసి, ఆడించి, పాటలు కట్టేవారు. పెద్దాపురం అమ్మాయి అంజలీదేవి ఆ నాటకాల్లోనే వేషాలు వేసింది. తర్వాత ఆయన్నే పెళ్లాడింది. మద్రాసులో సొంతంగా సినిమాలు తీద్దామనుకున్నప్పుడు సంస్థకి ఆయన తన పేరు పెట్టుకోలేదు, అంజలీ పిక్చర్స్ అన్నారు. ఇప్పటికైనా అలా పెట్టే మగవాళ్లు ఎందరంటారు?

1957లో ‘సువర్ణసుందరి’ వచ్చింది. ఘంటసాల, జిక్కి పాడిన ‘హాయి హాయిగా’ ఇంటింటా మోగింది. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్... నాలుగు రాగాలు ఒకదాన్నుంచి ఒకదానిలోకి జారిపోతాయి, అతుకు కనపడదు. పేరొచ్చింది కదా అని ఊరుకోలేదు దంపతులు. అదే కథని హిందీలోనూ తీశారు. అక్కడా అంజలి, అక్కినేనే జంట. భరత్ వ్యాస్ మాటలు రాశారు, బాణీ మాత్రం ఇదే. నౌషాద్, శంకర్ జైకిషన్‌లు ఏలుతున్న బొంబాయిలో మద్రాసు నుంచి వెళ్లిన పాట నిలబడటం చిన్న సంగతా! పాటల పోటీల్లో పిల్లలు ఇప్పటికీ దాన్ని ఎంచుకుంటారు, కష్టమని తెలిసీ.

1973లో సొంత సంస్థలోనే ‘భక్త తుకారాం’కి కూడా ఆయనే సంగీతం కూర్చారు. 1991లో పోయారు. అంజలీదేవి 2014 దాకా ఉన్నారు.

మొన్న టీవీలో ఆ పాట వస్తే, లతా పాట అంది మా అమ్మాయి. అవునన్నాను, ఆదినారాయణరావుగారి పాట కూడా అన్నాను. ఆయనెవరమ్మా అని అడిగింది. పొయ్యి కట్టేసి వచ్చి కూర్చున్నాను.