జాతీయ విద్యుత్ ప్రణాళికకు ఆద్యుడు డాక్టర్ అంబేద్కర్

రాజ్యాంగ నిర్మాతగా జాతి స్మరించుకునే భారతరత్న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్, దేశ విద్యుత్ ప్రణాళికకు పునాది వేసిన దార్శనికుడు కూడా. 1891 ఏప్రిల్ 14న నేటి మధ్యప్రదేశ్‌లోని మౌలో జన్మించిన ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలోను, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోను అర్థశాస్త్రం అభ్యసించారు.

1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యునిగా ఆయన సేవలందించారు. నీటిపారుదల, విద్యుత్తు ఆ శాఖ పరిధిలోనివే. నాడు విద్యుత్ సరఫరా ఎక్కువగా పట్టణాలకే పరిమితమై, ప్రైవేటు కంపెనీలు, ప్రావిన్సులు, సంస్థానాల మధ్య చీలిపోయి ఉండేది. సేద్యంపై జనభారం తగ్గి పేదరికం తొలగాలంటే పరిశ్రమలు విస్తరించాలని, అందుకు విద్యుత్తు చౌకగా, సమృద్ధిగా లభించాలని ఆయన విశ్వసించారు. ఆయన హయాంలోనే 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఏర్పాటైంది. వరద నివారణ, సాగునీరు, విద్యుత్తు మూడింటినీ సమన్వయపరచే దామోదర్ లోయ పథకానికి రూపకల్పన జరిగింది.

ఈ కృషికి కొనసాగింపుగా వచ్చిన 1948 విద్యుత్ సరఫరా చట్టం కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థకు, రాష్ట్ర విద్యుత్ బోర్డులకు మార్గం వేసింది. ఆ చట్టం కిందనే 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది. సంస్కరణలలో భాగంగా 1999లో బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2003లో కొత్త చట్టం అమలులోకి వచ్చింది. 2013 డిసెంబర్ 31న దక్షిణ గ్రిడ్ అనుసంధానంతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది.

1956 డిసెంబర్ 6న అంబేద్కర్ ఢిల్లీలో పరమపదించారు. వ్యవస్థల స్వరూపం మారినా, నిరుపేదకు అందుబాటు ధరలో విద్యుత్తు అందాలన్న ఆయన ఆశయమే ప్రణాళికలకు నేటికీ గీటురాయి.