ఫిడేలు నాయుడుగారు

ఫిడేలు మన దేశమునకు పరాయి వాద్యము. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడగు బాలుస్వామి దీక్షితులు దానిని పాశ్చాత్యుల వద్ద అభ్యసించి కర్ణాటక సంగీతమునకు అలవరచిరని ప్రతీతి. పాశ్చాత్యుడు దానిని గడ్డము క్రింద అదిమిపట్టి వాయించును. మనవారు నేలపై కూర్చుండి, దాని కొసను చీలమండపై ఆనింతురు. తంత్రుల శ్రుతియు మారినది. మనకు నాలుగు తంత్రులును షడ్జ పంచమములనే రెండు స్థాయిలలో పలుకును. ఇంత మారినను, అది చిరకాలము గాయకుని వెంట నడచు పక్కవాద్యముగానే ఉండెను. దానికి సభ నడుమ పీట వేయించిన వారిలో అగ్రగణ్యులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రి సైన్యోద్యోగి. పెరిగినది విశాఖపట్టణమున. బాల్యమునుండియు చూపు మందము. అట్టి బాలునకు అన్న వెంకటకృష్ణయ్యగారే గురువైరి. చూపు తోడ్పడనిచోట చెవి, చేయి ఆ పని చేసినవి.

ఫిడేలు పట్టిన క్రొత్తలో విద్యార్థి ఎడమచేతి వ్రేళ్ల పరుగు చూచుకొని మురియును. ఆ వాద్యమునకు ప్రాణము కుడిచేతిలో ఉన్నది. మన సంగీతమున స్వరము మెట్టువలె కదలక నిలువదు. ఊగును, జారును, పొరుగు స్వరమును తాకి వచ్చును. వ్రేలు ఆ గమకమును చూపుచుండగా కమాను తెగక సాగవలెను. తెగినచో గాయకుని ఊపిరి నడుమ తెగినట్లే. నాయుడుగారు పాశ్చాత్య సంగీతమును శ్రద్ధతో విని, కమాను నడపుటలో వారి నేర్పును గ్రహించిరి. రాగమును మాత్రము మనదిగానే నిలిపిరి. ఎరువు తెచ్చుకొనుటలో ఇంత వివేకము అరుదు.

1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. చేతులు, కాళ్లు, తల, వేర్వేరు తాళములను ఒక్కమారే నడపుచు పంచముఖి ప్రదర్శించిన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. అచట విద్యార్థిగా చేరగోరి వచ్చిన ఇరువదియారేండ్ల నాయుడుగారి వాదనము విని, వారిని ఆచార్యునిగానే నియమించిరని చెప్పుదురు.

సంతబొమ్మాళి, టెక్కలి మొదలగు ఊళ్లకు చెన్నపట్టణము బహుదూరము. సంగీతము నేర్వగోరు పిల్లవాడు నౌపడలో రైలెక్కినచో, ఒక పూటలో చేరదగిన కళాశాల ఇదియే. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడగా ఆ ప్రాంతము గంజామునుండి విశాఖపట్టణము జిల్లాలో కలిసినది. ఆ ఏడే నాయుడుగారు కళాశాలాధ్యక్షులైరి. తరువాతి కాలమున గాయని సుశీల చదివినదియు ఇచటనే.

పాఠము చెప్పుటతో వారు తృప్తిపడలేదు. 1938లో వేలూరునందు గాయకుడు లేకయే ఫిడేలుతో కచేరీ నడిపిరి. సాహిత్యము పలుకు నోరు లేనిదే కృతి రక్తి కట్టునా అను శంకకు ఆ కమానే సమాధానమైనది. 1941లో మద్రాసు సంగీత అకాడమీ వారిని సంగీత కళానిధిగా గౌరవించెను. 1952లో భారతదేశమునకు వచ్చిన యెహుదీ మెనూహిన్ వారి వాదనము విని ముగ్ధుడయ్యెను. తన వాద్యమునే మరియొక భాషలో వినుట ఆ విద్వాంసునకు ఎట్లుండెనో ఊహింపదగినదే. 1957లో పద్మశ్రీ లభించినది.

1964 నవంబరు 25వ తేదీన, డెబ్బదియొక్క యేండ్ల వయసున, నాయుడుగారు కన్నుమూసిరి. వారు పెరిగిన విశాఖపట్టణమున, సముద్రతీరమునందు, వారి విగ్రహమును నిలిపిరి.